చీర మడతల్లో మాత్రలు

మా రోజుల్లో బస్టాండులో ఎవరైనా మూర్ఛొచ్చి పడిపోతే చుట్టూ పదిమంది చేరేవారు. చేరి చేసే వైద్యమంతా తప్పుడు వైద్యమే. ఒకడు ఇనపముక్క కోసం పరిగెత్తేవాడు, ఒకడు తాళంచెవుల గుత్తి చేతిలో కుక్కేవాడు, ఇంకొకడు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టేవాడు. పళ్ల మధ్య చెంచా దూర్చి పన్ను ఊడగొట్టిన పెద్దమనుషులు కూడా ఉన్నారు. అయినా ఆ మనిషి లేచి కూర్చుని తేరుకున్నాక సోడా తాగించి, ఏ ఊరని అడిగి, బస్సెక్కించి, కండక్టరుకి అప్పజెప్పేదాకా ఎవరూ కదిలేవారు కాదు.

ఇప్పుడు చేరిన పదిమందీ ఫోన్లెత్తుతున్నారు. మొన్న మా ఊరి కాంప్లెక్సులో కాలేజీ పిల్లాడొకడు పడి కొట్టుకుంటుంటే చదువుకున్నవాళ్లే వీడియో తీస్తూ నిలబడ్డారు. వాళ్లని తోసుకుంటూ వెళ్లి, తల కింద నా కండువా మడతపెట్టి, వాణ్ని పక్కకి ఒత్తిగిలేలా తిప్పాను. అంతకన్నా చెయ్యాల్సింది ఏమీ లేదు. కాళ్లూ చేతులూ అదిమిపట్టకూడదు, నోట్లో ఏదీ పెట్టకూడదు, నీళ్లు పొయ్యకూడదు. మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో అదే ఆగుతుంది. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగీ ఆగకముందే ఇంకొకటి మొదలైనా 108కి ఫోన్ చెయ్యాలి. మా రోజుల్లో ఆ బండి లేదు, అది 2005లో వచ్చింది. బండి వచ్చింది, చేతిలో ఫోనూ ఉంది. ఆ ఫోను ఎందుకు వాడుతున్నారో చూస్తే కడుపు రగిలిపోయింది. తెల్లారేసరికి ఆ వీడియో పిల్లాడి కాలేజీకి చేరకుండా ఉంటుందా?

నేను గవర్నమెంటు ఆస్పత్రుల్లో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాను. అప్పట్లో మూర్ఛకి మా బీరువాలో నమ్మకంగా ఉండేది ఒక్క ఫినోబార్బిటోనే. 1912 నుంచీ వాడుతున్న మందు. ఫెనిటాయిన్ 1938లోనే వచ్చినా మాలాంటి పల్లెటూరి ఆస్పత్రికి ఎప్పుడో గాని చేరేది కాదు. ఆ చిన్న తెల్ల మాత్రలు లెక్కపెట్టి, కాగితం పొట్లం కట్టి, నెలకి సరిపడా ఇచ్చేవాణ్ని. నెల తిరిగినా మనిషి రాకపోతే సంతరోజున ఆ ఊరివాళ్లెవరు కనపడినా కబురు పంపేవాణ్ని. ఎందుకంటే మూర్ఛ మాత్ర ఉన్నట్టుండి మానేస్తే పాత రోగం తిరగబెట్టడంతో పోదు, ఫిట్స్ మీద ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. రెండేళ్లకి తక్కువ కాకుండా ఫిట్స్ లేకుండా గడిచాక, డాక్టరు చూసి, కొద్దికొద్దిగా తగ్గించాల్సిన మందు అది. పేషెంటుకి చదువు రాకపోయినా ఈ మాట కంఠతా వచ్చేదాకా చెప్పేవాళ్లం.

ఇప్పుడెవరు చెబుతున్నారు? మందులకి కరువు లేదు. కార్బమజెపైన్, వాల్‌ప్రోయేట్, లెవెటిరాసిటమ్ అంటూ వరసగా వచ్చాయి. ఈఈజీ ఉంది, ఎమ్మారై ఉంది. మందులకి లొంగని మూర్ఛకి కొందరిలో ఆపరేషన్ పనిచేస్తుంది; తిరువనంతపురం శ్రీచిత్రలో 1995 నుంచే చేస్తున్నారు. సరైన వైద్యం అందితే నూటికి డెబ్భై మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో ఈ జబ్బున్నవాళ్లు కోటికి పైనే ఉంటారని అంచనా. ఇంత ఉండీ, మా పక్క మండలంలో ఒక ఆరోగ్య కేంద్రానికి వెళ్తే ఒక నెల మాత్రలుంటాయి, మరుసటి నెల ఉండవు. బీపీకీ షుగరుకీ ఇంటింటికీ తిరిగి అడుగుతున్నారు, మంచిదే. ఆ తిరిగే అమ్మాయి ఇంకొక్క ప్రశ్న అదనంగా వెయ్యడానికి ఏమడ్డు? ఊళ్లో ఎవరెవరికి ఫిట్సున్నాయో, ఎవరు మాత్ర మానేశారో ఒక రిజిస్టరు రాసిపెట్టడానికి ఎమ్మారై అక్కర్లేదు కదా.

మా రోజులు గొప్పవని నేననను. నుదుటి మీద, కణతల మీద వాతలు తేలిన పిల్లల్ని నా దగ్గరికి తెచ్చేవారు. గాలి సోకిందని వేపమండలతో కొట్టించి, తాయెత్తులన్నీ అయిపోయాక చివరికి ఆస్పత్రి గుర్తొచ్చేది. తలంటు పోసినప్పుడల్లా పడిపోయే పిల్ల ఒకతె ఉండేది. నీళ్లగది మూల దయ్యముందని ఇంట్లో గోడే పడగొట్టించారు. తల మీద మరీ వేడినీళ్లు గుమ్మరిస్తే వచ్చే మూర్ఛ ఒకటుందనీ, మన దక్షిణాదిలో, ముఖ్యంగా బెంగళూరు, మైసూరు వైపు ఎక్కువగా కనపడుతుందనీ అక్కడి డాక్టర్లు రాసిపెట్టారు. గోరువెచ్చటి నీళ్లు పొయ్యమంటే సగం వైద్యం అయిపోయినట్టే.

ఇంకో కారణం కూడా చెప్పాలి. బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి, వాటి పిల్లలు మెదడులో తిత్తులు కట్టి మూర్ఛ తెప్పిస్తాయి. పంది మాంసం తినేవాళ్లకే వస్తుందనుకోవడం పొరపాటు. మనుషుల మలం కలిసిన నీళ్లు, ఆ నీళ్లతో పెంచిన ఆకుకూరలు, కడుక్కోని చేతులు చాలు, శాకాహారుల ఇంట్లోనూ వస్తుంది. ఊరి మురుగు బాగుచేస్తే తగ్గే జబ్బుకి మనం ముహూర్తాలనీ దిష్టినీ తిట్టుకుంటూ కూర్చున్నాం. మూర్ఛ అంటుకోదు. నురగ తగిలినా అంటుకోదు. ఈ సంగతి ఇవాళ్టికీ చెప్పాల్సి వస్తోంది.

కానీ నన్ను ఇన్నేళ్లుగా నిద్రపోనివ్వనిది ఆడపిల్లల సంగతి. నా దగ్గర మాత్రలు తీసుకునే పిల్లకి సంబంధం కుదిరిందని తెలిసిన రోజున వాళ్లమ్మ చీకటిపడ్డాక వచ్చేది. ‘కాంపౌండరు గారూ, మీకు దణ్ణం పెడతానండీ, మగపెళ్లివారు ఎవరైనా వచ్చి అడిగితే మా పిల్ల మీకు తెలీదనండీ’ అనేది. ఆ పిల్ల మాత్రలు చీర మడతల్లో పెట్టుకుని కాపురానికి వెళ్లేది. అత్తగారు చూస్తుందని రెండు పూటలు మింగదు, మూడో పూట పెట్టె తీసే సందు దొరకదు. పెళ్లింటి నిద్రలేమి, ఉపవాసాలు, దానికితోడు మందు లేదు. అలా కట్టెల పొయ్యి ముందు పడిపోయి, ముఖం, చెయ్యి కాలి పుట్టింటికి తిరిగొచ్చిన పిల్లకి నేను కట్లు కట్టాను. రోగం కాల్చలేదు ఆ పిల్లని, మాత్ర వేసుకుని ఉంటే అసలు పడేదే కాదు. కాల్చింది దాపరికం.

ఆ తల్లిని మాత్రం నేనేమీ అనలేకపోయాను, చట్టమే ఆవిడ నోరు కట్టేసింది. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ, పిచ్చిని, మూర్ఛని ఒకే గాటన కట్టింది. పదేపదే మూర్ఛ వచ్చే మనిషిని చేసుకుంటే ఆ పెళ్లి రద్దు చెయ్యమని కోర్టుకెక్కొచ్చు. మాత్ర వేసుకుని వంట చేసి, పొలం వెళ్లి, పిల్లల్ని పెంచగలిగే మనిషి పెళ్లికే పనికిరాదని రాశారు. భారత మూర్ఛ వ్యాధి సంఘం వాళ్లు, డాక్టర్లు ఏళ్ల తరబడి పట్టుబట్టి పోరాడితే 1999లో పార్లమెంటు ఆ ఒక్క మాటా తీసేసింది. పాతికేళ్లు దాటింది. మా బజార్లో ఎంతమందికి తెలుసు? పెళ్లి సంబంధాలు చూసే పేరయ్యకి తెలీదు, విడాకులు రాయించే గుమాస్తాలు కొందరికి తెలీదు. ఇప్పటికీ పిల్లకి ఫిట్సుంటే పెళ్లి చెల్లదని బెదిరించేవాళ్లున్నారు. చట్టం మారిన రోజున ఊరూరా దండోరా వేయించి ఉండాల్సింది.

ఇప్పటి తల్లులు ఇంకా చదువుకున్నవాళ్లు. పిల్ల ఉద్యోగం, జీతం, ఎత్తు, రంగు, నక్షత్రం అన్నీ మ్యాట్రిమొనీలో పెడతారు, ఈ ఒక్కటీ పెట్టరు. దాచిపెట్టారని తేలితే అది మోసమని మళ్లీ కోర్టుకెళ్లే దారి మిగిలే ఉంది. అందుకే అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను: తాంబూలాలకి ముందే చెప్పండి, డాక్టరు చీటీ చేతికిచ్చి చెప్పండి. వెళ్లిపోయే సంబంధం అప్పుడే వెళ్లిపోనివ్వండి. పిల్లలు పుట్టరేమోనన్న భయం ఒకటి పట్టుకుని ఉంది జనానికి. మూర్ఛ ఉన్న తల్లుల్లో చాలామంది ఆరోగ్యంగా ఉన్న పిల్లల్నే కంటున్నారు. కేరళలో 1998 నుంచీ అలాంటి కాన్పుల్ని పేరుపేరునా రాసుకుని వెంటబడి చూస్తున్నారు. కాకపోతే వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకి చేటు చెయ్యొచ్చు కాబట్టి, పెళ్లి అనుకున్నప్పుడే డాక్టరు దగ్గర కూర్చుని మందు మార్చుకోవాలా, ఫోలిక్ యాసిడ్ ఎంత వెయ్యాలి అని మాట్లాడుకోవాలి. మాత్రలు దాచుకునే పిల్ల ఆ మాట ఎవర్ని అడుగుతుంది?

పైకి చెప్పుకుని బతికినవాళ్లు లేరా? 1976-77లో ఇంగ్లండు జట్టుతో మన దేశమొచ్చి 3-1తో సిరీస్ కొట్టుకుపోయిన కెప్టెన్ టోనీ గ్రేగ్‌కి కుర్రతనం నుంచే మూర్ఛ. రేడియోకి చెవులప్పగించి కూర్చున్న మాకెవరికీ అప్పుడా సంగతి తెలీదు. ఆ తర్వాత ఆయనే నోరు విప్పి చెప్పాడు. జాంటీ రోడ్స్‌కీ ఉంది. గాల్లోకి లేచి క్యాచ్‌లు పట్టిన ఆ మనిషే దక్షిణాఫ్రికాలో మూర్ఛ ఉన్నవాళ్ల తరఫున నిలబడి మాట్లాడుతున్నాడు. మన సినిమావాళ్లల్లో, మన నాయకుల్లో ఒక్కరు ముందుకొచ్చి ‘నాకూ ఉంది, మాత్ర వేసుకుంటున్నాను’ అంటే వెయ్యి ఉపన్యాసాల పెట్టు. మన సినిమాల్లో ఇంకా తాళంచెవులు చేతిలో పెట్టిస్తూనే ఉన్నారు.

చట్టాలు, దస్త్రాల్లో మిగిలిపోయిన పని చూస్తే ఒళ్లు మండుతుంది. 2016లో వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలకి చోటిచ్చింది. దీర్ఘకాలపు నరాల జబ్బుల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ పేర్లున్నాయి, మూర్ఛ పేరు లేదు. ఎన్ని మందులు మింగినా ఫిట్స్ ఆగనివాళ్లు సర్టిఫికెట్టు కోసం ఏ వరసలో నిలబడాలో తెలీక తిరుగుతున్నారు. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో మూర్ఛ ఉందా అని అడుగుతారు. అడగాల్సిందే, రోడ్డు మీద వేరేవాళ్ల ప్రాణాలుంటాయి. కానీ చివరి ఫిట్ ఎప్పుడొచ్చిందని అడగరు. బ్రిటన్‌లో ఏడాదిపాటు ఫిట్స్ లేకపోతే మామూలు కారు నడపనిస్తారు. ఇక్కడ పదేళ్లుగా ఒక్క ఫిట్ రానివాడు నిజం చెబితే లైసెన్సు పోతుంది, అబద్ధం రాస్తే వస్తుంది. ఇక ఆరోగ్య బీమా సంగతి. అంతకుముందే ఉన్న జబ్బుల్లో వేటిని కంపెనీలు శాశ్వతంగా పక్కన పెట్టొచ్చో చెబుతూ నియంత్రణ సంస్థ 2019లో ఒక జాబితా ఇచ్చింది. మూర్ఛనీ అందులో చేర్చింది. నిజం చెప్పినవాడికి ఆ జబ్బు ఖర్చే ఇవ్వం అని చెప్పి, దాచొద్దని ఎలా అడుగుతారు?

ఏటా నవంబర్ 17న జాతీయ మూర్ఛ దినం జరుపుతారు. ర్యాలీలు తీస్తారు, ఊదారంగు రిబ్బన్లు కడతారు. ఈసారి మా మండలంలో ర్యాలీకి రమ్మని పిల్లలొచ్చారు. వస్తాను, అయితే ర్యాలీ ఆస్పత్రి గేటు దాకా వెళ్లి, మాత్రల స్టాకు రిజిస్టరు చూపించమని అడిగి, ఏ నెల ఎన్నొచ్చాయో, ఎన్ని రోజులు లేవో రాసుకుని, ఆ కాగితం కలెక్టరుకి ఇచ్చి రావాలన్నాను. సరేనన్నారు. లెక్క చూడ్డం వాళ్లకి రాకపోతే నేను పక్కనుండి చూపిస్తాను.