జేబు పుస్తకం, నాలుగు మైళ్ల వీధి

నేను లాస్ వేగస్ చూపించే జేబు పుస్తకాన్ని. ముందు అట్ట మీద బెలాజియో ఫౌంటెన్ల బొమ్మ, వెనక అట్ట లోపల మడతపెట్టిన మ్యాపు. 2023 మొదట్లో అచ్చయ్యాను. ఊళ్ల గురించి రాసిన పుస్తకాలన్నీ పాతబడేవే గానీ, ఇంత త్వరగా పాతబడేవి తక్కువ. మిరాజ్ హోటలు ముందు రాత్రిపూట నిప్పులు కక్కే కృత్రిమ అగ్నిపర్వతాన్ని తప్పక చూడమని నాలో ఉంది. 1989లో తెరిచిన ఆ హోటలు 2024 జులైలో మూతపడింది. ట్రాపికానా గురించి ఒక పేరా ఉంది. 2024 అక్టోబరులో ఒక రాత్రి బాణసంచా కాల్చి మరీ దాన్ని పేల్చి పడగొట్టారు. స్ఫియర్ అనే పెద్ద గోళం త్వరలో తెరుస్తారని రాసిన వాక్యం నేను అచ్చయిన ఏడాది సెప్టెంబరుకే పాతదైపోయింది.

అయినా నా పని తీరిపోలేదని గట్టిగా నమ్ముతాను. ఆ ఊళ్లో హోటళ్లు మారతాయి. దూరాలు, ఎండ, జూదం లెక్క మారవు. ప్రయాణం బాగుండటం, చెడటం ఆ మూడింటి మీదే ఉంటుంది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో లైబ్రరీ వాళ్లు పాత పుస్తకాలు అమ్ముతుంటే ఒక తెలుగు అమ్మాయి నన్ను కొనుక్కుంది. వేగస్ పాత బస్తీలో ఉన్న ఫ్రీమాంట్ వీధికీ, ఈ ఊరికీ ఒకరి పేరే పెట్టారు. జాన్ ఫ్రీమాంట్ అనే సైనికాధికారి 1844లో వేగస్ ఊటల దగ్గర మజిలీ చేశాడు. నన్ను కొన్న అమ్మాయి అత్తమామలు నరసరావుపేట నుంచి ఆరునెలలు ఉండటానికి వచ్చారు. కాలిఫోర్నియాలోని తెలుగు ఇళ్లకు పెద్దవాళ్లు వస్తే వేగస్, గ్రాండ్ కేన్యన్ చూపించడం దాదాపు ఆనవాయితీ. "జూదాల ఊరికి మనకెందుకమ్మా ప్రయాణం?" అని అత్తగారు వెనకాడింది. కోడలు నన్ను మామగారి చేతిలో పెట్టింది. "మావయ్యగారూ, ఇది చదివి మీరే ప్లాన్ వేయండి. అత్తయ్యకు ఏది నచ్చుతుందో మీకే తెలుసు."

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. చేతిలో పెన్సిల్ లేకుండా నన్ను తెరిచేవారు కాదు. నన్ను అంత శ్రద్ధగా చదివినవాళ్లు అంతకుముందు లేరు.

మొదట కొట్టేసింది తేదీలు. మనవరాలికి సెలవులని అబ్బాయి జులై అన్నాడు. వాతావరణం పేజీలో జులై పగటి వేడి సగటున నలభై డిగ్రీలు దాటుతుందని చూసి ఆయన ఆగిపోయారు. 2024 జులై 7న అయితే 120 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 49 సెల్సియస్ నమోదైంది. ఎండకు పేరుపడిన పల్నాడులో పుట్టిన మనిషికి ఆ అంకె అర్థం కావడానికి వివరణ అక్కర్లేదు. అక్టోబరులో బడికి సెలవున్న వారం చూశారు. అందులోనూ శుక్ర, శనివారాలు వదిలేసి మంగళవారం నుంచి గురువారం దాకా పెట్టారు. వారాంతంలో గది అద్దె అమాంతం పెరుగుతుంది. జనవరిలో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగే వారం ఇంకా ఎక్కువ. గది అద్దె కాక రోజుకింత రిసార్ట్ ఫీజు, చాలాచోట్ల కారు పార్కింగ్‌కు వేరే డబ్బు. అవన్నీ కూడి మార్జిన్‌లో రాసుకున్నాకే అబ్బాయికి గది బుక్ చేయమని చెప్పారు.

తరవాత దూరాలు. హోటళ్లన్నీ వరసకట్టిన స్ట్రిప్ నాలుగు మైళ్ల పైచిలుకు. దానిలో చాలాభాగం లాస్ వేగస్ నగర హద్దుల్లో లేదు, పారడైజ్ అనే ప్రాంతంలో క్లార్క్ కౌంటీ పాలన కింద ఉంది. 1959లో బెటీ విల్లిస్ రూపు గీసిన ప్రసిద్ధ స్వాగతం బోర్డు కూడా నగరం బయటే. మ్యాపులో ఆ నాలుగు మైళ్లు జానెడు. నేల మీద బెలాజియో ముందు నిలబడితే సీజర్స్ ప్యాలెస్ పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. భవనాలు అంత పెద్దవి కాబట్టి కన్ను మోసపోతుంది. రోడ్డు దాటడానికి వంతెన ఎక్కాలి, ఆ వంతెన దిగితే ఇంకో హోటలు ముంగిలి, ముంగిలి నుంచి తలుపు దాకా మరో నడక, తలుపు నుంచి లిఫ్టు దాకా జూదశాల మధ్యలోంచి దారి. మోకాళ్ల నొప్పులున్న మనిషితో వెళ్లేవాళ్లు నాలో అన్నిటికంటే ముందు చదవాల్సింది ఈ పేజీ. మోనోరైలు తూర్పు వైపు హోటళ్ల వెనక నుంచి పోతుంది, విమానాశ్రయానికి పోదు. డ్యూస్ అనే రెండంతస్తుల బస్సు వీధి పొడవునా తిరుగుతుంది. మాస్టారు రోజుకు ఒక కొస మాత్రమే పెట్టుకున్నారు. మిగతాదంతా కొట్టేశారు. నాలో కొట్టేసిన పేరాలే ఎక్కువ. నాకు అది గౌరవంగానే ఉంది. ఏది వదిలేయాలో తేల్చుకోవడానికే కదా జేబు పుస్తకం.

ఇక జూదం పేజీ. దాని మార్జిన్‌లో ఆయన చేసిన లెక్క అచ్చయిన మాటలకంటే బాగుంది. అమెరికన్ రూలెట్ చక్రంలో 1 నుంచి 36 దాకా అంకెలు, వాటితోపాటు ఒక సున్నా, ఒక జంట సున్నా. మొత్తం 38 గళ్లు. ప్రతి గడి మీదా ఒక్కో డాలరు పెట్టామనుకోండి, ఖర్చు 38. ఏదో ఒక అంకె తప్పక గెలుస్తుంది. ఆ డాలరుతో పాటు 35 డాలర్లు ఇస్తారు. చేతికొచ్చేది 36. రెండు డాలర్లు వాళ్లవి. 38లో రెండు అంటే నూటికి 5.26. ఎవరు ఎంత తెలివిగా ఆడినా, ఎన్ని గంటలు కూర్చున్నా ఆ రెండు సున్నాలు అక్కడే ఉంటాయి. ఒకే సున్నా ఉన్న చక్రంలో అది నూటికి 2.7. మూడు సున్నాల చక్రాలూ వచ్చాయి, వాటిలో 7.69. బ్లాక్‌జాక్ అనే పేకాట దగ్గర చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది. బల్ల మీద మూడుకు రెండు అని ఉంటే పది డాలర్ల పందానికి బ్లాక్‌జాక్ పడితే పదిహేను వస్తాయి. ఆరుకు అయిదు అని ఉంటే పన్నెండే.

"చూడరా, వీళ్లు మోసం చేయక్కర్లేదు. లెక్కే వాళ్ల పక్షాన ఉంది" అన్నారు కొడుకుతో. ఇంటిల్లిపాదికీ కలిపి వంద డాలర్లు, సినిమా టికెట్టు కొన్నట్టు ఖర్చు రాసేసుకుని ఆడమన్నారు. ఆ డబ్బు అరగంటలో అయిపోయింది. అబ్బాయి వెంటనే లేచాడు. మనవరాలికి పన్నెండేళ్లు. ఇరవై ఒకటి నిండనివాళ్లు జూదశాలలో ఆగకూడదు, దారివెంట నడిచి పోవచ్చు. అందుకని నాయనమ్మ, మనవరాలు బెలాజియోలో అద్దాల కప్పు కింద పూలతోట దగ్గర కూర్చున్నారు. రుతువు మారినప్పుడల్లా ఆ తోట మారుస్తారు, టికెట్టు లేదు. బయట ఎనిమిదిన్నర ఎకరాల కొలనులో పాటకు తగ్గట్టు నీళ్లు లేస్తుంటే నాయనమ్మ కదలనంది. ఇంకో పాట, ఇంకో పాట అంటూ ఉండిపోయింది.

నాలో నాకు ఇష్టమైన పేజీని మాస్టారు పిల్లకు గట్టిగా చదివి వినిపించారు. 1950లలో స్ట్రిప్ వేదికల మీద నల్లజాతి గాయకులు పాడేవారు, జనం చప్పట్లు కొట్టేవారు. అదే హోటల్లో వాళ్లకు గది ఇచ్చేవారు కాదు. పాట అయ్యాక వెస్ట్‌సైడ్ అనే పేటకు వెళ్లి పడుకోవాలి. 1955లో అందరినీ రానిచ్చే మూలా రూజ్ హోటలు తెరిచారు, ఆ ఏడే మూతపడింది. 1960 మార్చిలో నిరసన ఊరేగింపు తప్పదన్న స్థితిలో హోటళ్ల యజమానులు, పౌరహక్కుల నాయకులు ఆ మూసిన హోటల్లోనే కూర్చుని వివక్ష ఎత్తేయడానికి ఒప్పుకున్నారు. తరవాత పాత దీపాల బోర్డులు దాచిన నియాన్ మ్యూజియానికి వెళ్లారు. దాని ముందుగది ఒకప్పటి లా కాంచా మోటెల్ లాబీ. దాన్ని గీసిన పాల్ విలియమ్స్ నల్లజాతి వాస్తుశిల్పి. ఆ పిల్ల బోర్డులకంటే ముందు ఆ లాబీ కప్పు వంపులే చూసింది.

హూవర్ డ్యామ్ ఊరికి ముప్పావు గంట దూరం. నెవాడా జూదాన్ని చట్టబద్ధం చేసిందీ, డ్యామ్ పని మొదలైందీ 1931లోనే. ఎత్తు 221 మీటర్లు. "మన సాగర్ 124. కానీ పొడవులో ఇది సాగర్ ముందు ఆగదు" అన్నారు మాస్టారు. సాగర్ కుడి కాలువ నీళ్లతో పండిన అన్నం తిన్న మనిషి గొంతులో ఆ మాట నిండుగా వినిపించింది. ఆ పూట డ్యామ్ దగ్గరే పులిహోర, పెరుగన్నం. గ్రాండ్ కేన్యన్‌కు దక్షిణపు అంచు దూరమని పడమటి అంచుకే వెళ్లారు. అది హువాలపాయ్ జాతివారి భూమి. నేషనల్ పార్కు పాసు అక్కడ చెల్లదు, టికెట్టు వేరే.

మాస్టారు నవంబరులో ఊరికి వెళ్లిపోయారు. కోడలు నన్ను ఆఫీసులో తోటి అమ్మాయికి ఇచ్చింది. వాళ్ల అమ్మానాన్నలు విజయనగరం నుంచి వస్తున్నారట. ఇచ్చే ముందు మిరాజ్, ట్రాపికానా పేరాలు కొట్టేసి, స్ఫియర్ దగ్గర "తెరిచారు" అని రాసింది. "షోల టైములు ఫోన్‌లో చూసుకో. పెన్సిల్‌తో రాసినవి మాత్రం అన్నీ చదువు. మీరు డిసెంబరులో కదా, కేన్యన్ దగ్గర అరిజోనా టైము గంట ముందుంటుంది. ఆ లెక్కన పొద్దున్నే బయల్దేరండి."