లాక్‌ను తూకానికి వేశాను

2001లో తెనాలిలో డీటీపీ సెంటర్ పెట్టినప్పుడు తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ బిల్లుతోనే కొన్నాను. రెండు నెలల రాబడి దానికే పోయింది. సీడీతో పాటు అగ్గిపెట్టెంత లాక్ ఒకటి ఇచ్చారు. కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకు దాన్ని తగిలించి, దాని వీపుకు ప్రింటర్ కేబుల్ బిగించాలి. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు.

రెండేళ్ళ తర్వాత, ముహూర్తాల రోజుల్లో, శుభలేఖల పని నెత్తిమీద ఉండగా టేబుల్ జరపబోయి కేబుల్ లాగేశాను. లాక్ పిన్నులు రెండు వంగాయి. ప్లయర్‌తో సరిచేయబోతే ఒకటి విరిగి చేతిలోకొచ్చింది. పక్క షాపు కుర్రాడు "లాక్ ఎందుకన్నా, క్రాక్ ఉంది" అని సీడీ తెచ్చాడు. పది నిమిషాల్లో పని మళ్ళీ మొదలైంది. గండం గడిచిందనుకుని, విరిగిన లాక్‌ను పాత కీబోర్డులతో కలిపి తూకానికి వేసేశాను.

తర్వాత రెండో కంప్యూటర్ వచ్చింది, మూడోదీ వచ్చింది. అన్నిట్లోనూ అదే క్రాక్ ఎక్కించాను. 'నేను డబ్బు పెట్టి కొన్నవాణ్ణే కదా' అనుకునేవాణ్ణి. కొన్నది ఒక్క మెషీన్‌కే. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

2013లో ఒక వకీలుగారు చట్టాల మీద తాను రాసుకున్న తెలుగు పుస్తకం కంపోజింగ్‌కు ఇచ్చారు. అందులో 1957 కాపీరైట్ చట్టం ఒక అధ్యాయం. సాఫ్ట్‌వేర్‌ను కూడా ఆ చట్టం సాహిత్య రచనగానే లెక్కిస్తుందట. సక్రమంగా కొన్నవాడు, అది పోయినా పాడైనా పనికొస్తుందని బ్యాకప్ కాపీ తీసిపెట్టుకోవచ్చని 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ఆ తర్వాతి పేజీల్లో 63-బి ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 7 రోజులకు తగ్గకుండా 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కాకపోతే జైలు లేకుండా వదిలే వీలు కోర్టుకు ఉంది. నాది వ్యాపారమే. హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో లాక్ లాంటి రక్షణను ఛేదించడమే నేరమని 2012 సవరణలో 65-ఎ కూడా చేరింది. ఈ అక్షరాలన్నీ నా చేతులతో, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌లోనే కొట్టాను. వకీలుగారు పక్కనే కుర్చీలో కూర్చుని ప్రూఫ్ దిద్దుతున్నారు. తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆ ప్రూఫ్‌లోనే 'లక్ష్మి' అన్న పేరులో మవత్తు పక్క అక్షరానికి తగులుతోందని ఆయన గుర్తుపెట్టారు. పేజీని నాలుగింతలు పెద్దది చేసి చూశాను. 'క్ష' కింద ఇరుకు చోటులో ఆ వత్తును, దాని కొసను, పైన గుడిని ఒక మనిషి కూర్చుని గీశాడు. తెలుగులో ఇలాంటి వత్తులు, గుణింతాలు, జంటాక్షరాలు వందల్లో గీయాలి. ఇంగ్లీషుకు ఉన్నంత బజారు వీటికి లేదు. కొనేవాళ్ళం మాలాంటి ప్రెస్సులవాళ్ళం, డీటీపీవాళ్ళం. మేమే ఎగ్గొడితే గీసినవాడు దేనితో బతకాలి? పదేళ్ళు ఆ అక్షరాలు అమ్ముకునే నా పిల్లల్ని చదివించాను.

మర్నాడే డీలర్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. "విరిగిన లాక్ అప్పుడే తెచ్చి ఉంటే మార్చి ఇచ్చేవాళ్ళం సార్. లాకే లేదంటే మీరు కొన్నట్టు మాకు గుర్తేముంది?" అన్నాడు. సీడీ ఎవరైనా కాపీ తీస్తారు. రెండు నెలల రాబడి పెట్టి నేను కొన్న హక్కంతా ఉన్నది ఆ అగ్గిపెట్టెంత డబ్బాలోనే. దాన్ని కిలోల లెక్కన అమ్ముకున్నాను.

ఒక మెషీన్‌కు మళ్ళీ కొన్నాను. మిగతా రెండింట్లో క్రాక్ తీసేసి, ఉచితంగా వాడుకోనిచ్చే మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు పెట్టుకున్నాను.

డీటీపీ చేసే తమ్ముళ్ళూ, లాక్ విరిగితే పారేయకండి. ముక్కలైనా సరే, బిల్లుతో కలిపి కవర్లో పెట్టి దాచండి. ముందు అమ్మినవాళ్ళకు ఫోన్ చేయండి.