చెమ్మ

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లారేసరికి బుడమేరు నీళ్లు మా సింగ్‌నగర్ వీధిలోకి వచ్చేశాయి. ఎదురింటి గేటు ముందున్న మారుతి 800 మధ్యాహ్నానికి స్టీరింగ్ దాకా మునిగింది. వీధిలోంచి నీళ్లు పూర్తిగా పోయేసరికి వారం దాటింది.

ఆ బండి 2007 మోడల్. ఎదురింటి పెద్దాయన ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన ఏడాది, చేతికొచ్చిన డబ్బుతో కొన్నాడు. ముప్పై ఏళ్లు క్లచ్ తొక్కిన మోకాళ్లు ఇక వల్లకాదన్నాక తాళాలు కొడుక్కిచ్చాడు. కొడుకు బ్యాంకు ఉద్యోగి. మునిగిన బండిని తుక్కు కింద అమ్మేయమని వీధంతా చెప్పింది. అతను వినలేదు.

"నాన్న కొన్న బండి" అన్నాడు.

ఇంజన్ విప్పించాడు. వైరింగ్ మొత్తం మార్పించాడు. ఆ హడావిడిలోనే కింద ముందు వాటాకి రంగులు వేయించి అద్దెకిచ్చాడు. పైన తామున్న వాటాకి నీళ్లు రాలేదు. మెట్లెక్కలేని పెద్దాయన ఉండేది కింద వెనక గదిలో. దాని సంగతి సంక్రాంతి వెళ్లాక చూద్దామనుకున్నారు.

దీపావళి నాటికి బండి రోడ్డెక్కింది. వాసన మాత్రం పోలేదు.

తలుపు తీస్తే గుప్పున కొట్టేది. తడిసిన గోనెసంచిని మడతపెట్టి నెల్లాళ్లు మూలన పడేస్తే వచ్చే ముక్కవాసన. కాలేజీకి బయల్దేరిన కూతురు నాలుగు వీధులు దాటేలోపు పది తుమ్ములు తుమ్మి, ఇక బస్సులో పోతానంది. భార్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఏమీ అననిది పెద్దాయన ఒక్కడే.

కొడుకు ముందు అందరూ చేసేదే చేశాడు. డ్యాష్‌బోర్డు మీద మల్లెపూల సెంటు డబ్బా పెట్టాడు. సీట్ల కింద కాఫీ పొడి పోశాడు. శుక్రవారం సాంబ్రాణి వేశాడు. నాలుగో రోజుకి మల్లెపూలు, కాఫీ, సాంబ్రాణి, ముక్కవాసన అన్నీ కలిసి వచ్చాయి. వాసన మీద వాసన పోస్తే పాతది చావదు. బూజు బతికేది చెమ్మలో. చెమ్మ పోనంతవరకు ఏ సెంటైనా రెండు రోజుల ముచ్చటే.

పెద్దాయన అరుగు మీద కూర్చుని ఇదంతా చూశాడు.

"చెమ్మ పట్టినదాన్ని మూసిపెట్టకూడదురా. ఎండ తగలాలి, గాలి ఆడాలి" అన్నాడు.

"అదే చేస్తాను నాన్నా" అన్నాడు కొడుకు.

నవంబరు మధ్యలో ఒక శనివారం బండిని ఆటోనగర్ తీసుకెళ్లాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. షెడ్డు భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. తలుపు తీసి ఒకసారి గాలి పీల్చాడు. ఏమీ అడగలేదు. పానా తీసుకుని సీట్లు విప్పడం మొదలుపెట్టాడు.

సీట్లు బయటికొచ్చాయి. కార్పెట్‌ను చేత్తో తడిమితే పొడిగానే ఉంది. భాయ్ దాని అంచు పట్టి పైకి లేపాడు. కింద రేకుకి అంటుకుని అంగుళం మందాన ఫెల్టు పరుపు ఉంది. దాని మీద బొటనవేలు ఆనించి నొక్కాడు. వేలి చుట్టూ గుంటలో నీళ్లు ఊరాయి.

బుడమేరు వచ్చి వెళ్లి రెండున్నర నెలలైంది.

"పైన ఆరింది, కింద ఆరలేదు" అన్నాడు భాయ్. "తడిసినదాన్ని రెండు రోజుల్లో ఆరబెట్టకపోతే బూజు మొదలవుతుంది సార్. ఇది వారం నీళ్లలో నాని, తర్వాత మూతపడింది."

ఫెల్టు తిరగేసి చూపించాడు. నల్లటి చుక్కలు, వాటి మీద తెల్లని నూగు. బ్లీచింగ్ నీళ్లు కొడదామా అని కొడుకు అడిగాడు. భాయ్ వద్దన్నాడు. అది గట్టి వాటి మీద పనిచేస్తుందే గాని దూదిలోకి దిగదు, పైగా రేకుని తినేస్తుంది అన్నాడు. తర్వాత వెనిగర్ వాడబోతున్నాం, ఆ రెండూ ఒకచోట కలిస్తే విషవాయువు పుడుతుందనీ చెప్పాడు.

ఫెల్టు మొత్తం పీకి పారేశారు. ఆ కారు తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. దాని కొలతకు ఫెల్టు ఎక్కడా దొరకలేదు. భాయ్ తాన్లోంచి కొలిచి కోశాడు. అడుగు రేకుకున్న రబ్బరు బిరడాలు ఊడదీస్తే బురదనీళ్లు కారాయి. వెనిగరూ నీళ్లూ సగం సగం కలిపి రేకంతా తుడిచారు. సీటు బెల్టులు చివరిదాకా లాగి తుడిచారు. సీట్ల మీద తినే సోడా చల్లి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే వ్యాక్యూమ్‌తో లాగేశారు.

ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు మట్టితో పూడిపోయి ఉంది. ఏసీ వేసిన ప్రతిసారీ కాయిల్ మీద నీరు పడుతుంది. అది పైపులోంచి రోడ్డు మీదికి పోవాలి. పైపు మూసుకుంటే అక్కడే నిలిచి, ఎడమ పక్క కాళ్ల దగ్గరికి కారుతుంది. భాయ్ సన్న తీగ దూర్చి కదిపాడు. గ్లాసుడు నల్లనీళ్లు పడ్డాయి. ఇంటికి చేరే రెండు నిమిషాల ముందు ఏసీ ఆపి, ఉత్త బ్లోయరు తిప్పాలని చెప్పాడు. కాయిల్ ఆరితేనే వాసన పుట్టదు.

చివరికి కొడుకు టార్చి పట్టుకుని లోపల కూర్చున్నాడు. భాయ్ తలుపులు మూసి, బయట నుంచి పైపుతో నీళ్లు కొట్టాడు. ముందు అద్దం రబ్బరు దగ్గర ఒక్క బొట్టు దిగింది. ఆ రబ్బరూ మార్చారు.

తర్వాత కొడుకు మూడు రోజులు సెలవు పెట్టాడు. బండిని గేటు ముందు నిలిపి నాలుగు తలుపులూ, డిక్కీ తెరిచాడు. పొద్దున తూర్పు పక్కన, మధ్యాహ్నం నీడ పడగానే నెట్టి పడమటి పక్కన. ఎండ ఎటుపోతే బండి అటు. సీట్లు మోసుకుని డాబా మీదికి తీసుకెళ్లాడు. గంటకోసారి వడియాలు తిప్పినట్టు తిప్పాడు. మంచు పడకముందే దించి లోపల పెట్టుకున్నాడు.

ఆ మూడు రోజులూ పెద్దాయన కుర్చీ వేసుకుని బండి పక్కనే ఉన్నాడు. కొడుకు బండిని జరిపితే తన కుర్చీ జరుపుకున్నాడు. అన్నానికి కూడా గదిలోకి వెళ్లలేదు. బాగా చీకటి పడ్డాక వెళ్లేవాడు.

"బండంటే నాన్నకి ప్రాణం" అన్నాడు కొడుకు నాతో.

నాలుగో రోజు వాసన లేదు. కూతురు ముందు సీట్లో కూర్చుని, గట్టిగా గాలి పీల్చి, తల ఊపింది. వారం రోజులు కాలేజీకి బండిలోనే వెళ్లింది.

ఎనిమిదో రోజు పెద్దాయన్ని మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మర్నాడు పొద్దున కూతురు తలుపు తీసి, వేసేసింది.

బండి మళ్లీ ఆటోనగర్ వెళ్లింది. భాయ్ కార్పెట్ ఎత్తాడు. ఫెల్టు పొడిగా ఉంది. రేకు పొడిగా ఉంది. పైపు బాగానే ఉంది. మళ్లీ తుడిచి, సోడా చల్లి, ఎండబెట్టి పంపాడు. వాసన పోయింది. పది రోజులకి మళ్లీ వచ్చింది. మూడోసారీ అంతే. మూడోసారి భాయ్ డబ్బులు తీసుకోలేదు. బండిని కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

"మధ్యలో ఎక్కడికెళ్లారు సార్?"

"ఎక్కడికీ లేదు. కాలేజీ, బ్యాంకు. నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్లాం."

"మళ్లీ ఆసుపత్రికి ఎప్పుడు?"

"సోమవారం."

"నేనొస్తాను" అన్నాడు భాయ్.

సోమవారం ఎనిమిదింటికి స్కూటర్ మీద వచ్చాడు. నేను గేటు దగ్గరే ఉన్నాను. భాయ్ బండిలోకి తల పెట్టి, వెనక సీటు మీదికి వంగి గాలి పీల్చాడు. ఏ వాసనా లేదు. పక్కకి జరిగి నిలబడ్డాడు.

పెద్దాయన గోడ పట్టుకుని మెల్లగా వచ్చాడు. చంకలో దిండు ఉంది. ఆ బండిలో సీటు బాగా కిందికి ఉంటుంది. అందులో కూర్చుంటే ఆయన మళ్లీ లేవలేడు. అందుకని ఎప్పుడు బండెక్కినా ఎత్తుకోసం దిండు తెచ్చుకుని వేసుకుంటాడు. బూరుగుదూది దిండు. ఎర్ర చారల గలీబు. పెద్దావిడ పోకముందు కుట్టింది. ఆసుపత్రిలో చూపించుకుని వచ్చేదాకా అది అద్దాలెత్తిన బండిలో, ఎండలో, సీటు మీదే ఉంటుంది.

పెద్దాయన దిండు వేసుకుని కూర్చోబోయాడు. చెయ్యి అందించడానికి భాయ్ వంగాడు. వంగినవాడు అలాగే ఆగిపోయాడు.

"పెద్దాయనా, ఒక్క నిమిషం ఇది ఇస్తారా?"

దిండు తీసుకున్నాడు. వాసన చూశాడు. ఫెల్టు మీద నొక్కినట్టే బొటనవేలు ఆనించి నొక్కాడు. దూది ముద్దగా దిగింది, పైకి లేవలేదు. గలీబు బొత్తాలు విప్పాడు. లోపల కుట్టు పొడుగునా నల్లటి చుక్కలు, వాటి మీద తెల్లని నూగు.

భాయ్ ఒక్క మాట మాట్లాడలేదు. దిండు తీసుకెళ్లి కొడుకు చేతిలో పెట్టాడు.

కొడుకు ముక్కు దగ్గర పెట్టుకుని, దూరంగా జరిపాడు. మొహం విప్పారింది. రెండు నెలల శ్రమ, మూడు రోజుల సెలవు, కొత్త ఫెల్టు, కొత్త రబ్బరు. దొంగ దొరికింది.

"ఇదన్నమాట! బండిదేం తప్పు లేదు" అన్నాడు. "నాన్నా, ఇన్నాళ్లూ దీన్ని ఎక్కడ పెడుతున్నావు నువ్వు?"

పెద్దాయనకి ఆ ప్రశ్న అర్థం కానట్టుంది. కాసేపు కొడుకు మొహం వైపు చూశాడు.

"తల కిందే కదరా" అన్నాడు.