కుక్కుడు మీది, తిట్లు మాకు

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నంలో నెట్ సెంటరు నడపాలంటే టైపింగు రావాలి, ప్రింటరును బతిమాలడం రావాలి, చెయ్యని తప్పుకు తిట్లు తినడం రావాలి. దుబాయి విమానమెక్కే కుర్రవాడికి రేపటికల్లా సర్టిఫికెట్ కావాలి. ఓ సర్కారు సైటులో (పేరెందుకు, అందరిదీ ఒకటే గోత్రం) బటన్ నొక్కితే పీడీఎఫ్ దిగుతుంది. తెరవబోతే "ఫైలు పాడైంది" అంటుంది. "ఏందన్నా, నీ కంప్యూటర్ ఖరాబున్నదా? మెట్‌పల్లి పోయి తీసుకుంట తియ్యి" అని కుర్రవాడు లేస్తాడు. పోనివ్వండి. మెట్‌పల్లిలోనూ అదే దిగుతుంది, కోరుట్లలోనూ అదే, సిరిసిల్ల దాకా పోయినా అదే. 2016లో జగిత్యాల వేరు, సిరిసిల్ల వేరు అని జిల్లాలు విడగొట్టారు గానీ, చెడిన ఫైలు విషయంలో పాత కరీంనగర్ ఐక్యత చెక్కుచెదరలేదు.

హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే మంత్రం మొదలవుతుంది. క్యాషె తుడవండి. బ్రౌజరు మార్చండి. కంప్యూటరు ఆపి మళ్లీ వెయ్యండి. అన్నీ అయ్యాక అసలు తీర్పు: "మాకు ఇక్కడ బాగానే ఓపెన్ అవుతోందండీ, మీ ఊళ్లో నెట్ స్లో ఉందేమో!" స్లో నెట్‌కు ఆలస్యం చేయడం తెలుసు, మధ్యలో తెగడమూ తెలుసు. కానీ ఎన్నిసార్లు దింపినా ఒకే బైటు దగ్గర నీటుగా కోసేంత చేతివాటం దానికెక్కడిది? ఆ కత్తెర సర్వరు చేతిలో ఉంది.

కథ చిన్నదే. వెబ్ పేజీలు త్వరగా చేరాలని సర్వరు వాటిని జీజిప్ పద్ధతిలో కుక్కి పంపుతుంది. జీన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ అనే ఇద్దరు 1992లో చేసిన మేలు అది. అక్షరాలతో నిండిన పేజీ చాలాసార్లు మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గిపోతుంది. దండం పెట్టాల్సిందే. కానీ పీడీఎఫ్, జిప్, జేపెగ్ ఫైళ్లు సాధారణంగా ముందే కుక్కి ఉంటాయి. వాటిని మళ్లీ కుక్కితే పెద్దగా తగ్గేదేమీ ఉండదు. పైగా జీజిప్ తన వంతుగా తలకు 10 బైట్లు, తోకకు 8 బైట్లు తగిలిస్తుంది. బరువు తగ్గిస్తానని తీసుకుపోయి 18 బైట్లు అదనంగా తగిలించి పంపడం! ఇంత శ్రద్ధ మన రోడ్ల మీద పెట్టినా బాగుండేది.

ఇంతవరకూ తెలివితక్కువతనమే. అసలు మోసం లెక్కలో ఉంది. పంపే సరుకు ఎన్ని బైట్లో సర్వరు ముందుగా హెడరు అనే చీటీ మీద రాస్తుంది. కొన్ని సైట్లలో పీహెచ్‌పీ ప్రోగ్రాం కుక్కకముందు లెక్క రాసేస్తుంది, ఆ తర్వాత ఇంకో అధికారి వచ్చి కుక్కుతాడు, చీటీ మాత్రం ఎవరూ దిద్దరు. సరుకు తగ్గితే బ్రౌజరు రాని బైట్ల కోసం కాచుక్కూర్చుంటుంది. పెరిగితే చీటీలో ఉన్నంతే లెక్కపెట్టుకుని మిగతాది వదిలేస్తుంది. అలా పీడీఎఫ్ తోక తెగుతుంది. ఫైలులో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక చిరునామా సరిగ్గా ఆ తోకలోనే ఉంటుంది. కొన్ని రీడర్లు ఎలాగో అతుకేసుకుని తెరుస్తాయి, కొన్ని చేతులెత్తేస్తాయి. హెల్ప్‌లైను వారికి "బాగానే" తెరుచుకునే రహస్యం ఇదైనా కావచ్చు, లేదా వాళ్లు సర్వరు డిస్కులోంచే నేరుగా చూస్తూ ఉండవచ్చు. నిజామాబాద్ యార్డులో తక్ పట్టీ మీద ఒక తూకం, బస్తాలో మరో తూకం ఉంటే పసుపు రైతు కాలరు పట్టుకుంటాడు. సర్వరుకు కాలరు లేదు, అదే దాని ధైర్యం.

మరో రకం ఘనులు కుక్కుతారు, కుక్కామన్న మాట మాత్రం హెడరులో చెప్పరు. బ్రౌజరు విప్పకుండా అలాగే దాచుకుంటుంది. పేరు చివర పీడీఎఫ్, లోపల జీజిప్. దీన్ని పట్టుకోవడానికి ఇంజినీరింగు చదవక్కర్లేదు. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి అక్షరాలు చూడండి. శాతం గుర్తు పక్కన పీడీఎఫ్ అని ఇంగ్లిషులో ఉంటే తల మంచిదే, తోక చూసుకోవాలి. పిచ్చి గుర్తులు కనిపిస్తే హెక్స్ ఎడిటరులో చూడండి, 1ఎఫ్ 8బి అని మొదలైతే అది జీజిప్. పేరు చివర జీజెడ్ అని మార్చి సెవెన్‌జిప్‌తో విప్పితే సర్టిఫికెట్ బయటికొస్తుంది. హెచ్‌టీఎమ్‌ఎల్ అని కనిపిస్తే మీకు దొరికింది పత్రం కాదు, పీడీఎఫ్ వేషం కట్టిన లాగిన్ పేజీయో ఎర్రర్ పేజీయో. ఇవన్నీ చేసిపెట్టిన నెట్ సెంటరు కుర్రాడికి దక్కేది ఒక ప్రింటు డబ్బులు.

సర్వరు వైపు మందు ఇంకా చవక: పీడీఎఫ్, జిప్, బొమ్మల జోలికి పోవద్దని సెట్టింగులో ఒక లైను. డౌన్‌లోడ్ ఇచ్చే ప్రోగ్రాంలో జీజిప్ ఆపేస్తూ ఇంకో లైను. రాయడం రాదనడానికి లేదు. అపాచీ సర్వరు మాన్యువల్లో నెట్‌స్కేప్ 4 అనే పాత బ్రౌజరు ఇబ్బంది పడకూడదని మినహాయింపు లైన్లు ఉండేవి. వాటిని ఎందరో అక్షరం పొల్లుపోకుండా తమ సర్వర్లలోకి ఎత్తుకున్నారు. నెట్‌స్కేప్‌కు 2008లోనే నూకలు చెల్లాయి. దాని తద్దినం మాత్రం శ్రద్ధగా జరుగుతోంది. చచ్చిన బ్రౌజరుకు చేసిన మర్యాద బతికున్న ఇబ్రహీంపట్నానికి చేయాలంటే ఎన్ని సంతకాలు కావాలో ఆ సైటు నడిపే శాఖే చెప్పాలి. చెబుతూ పీడీఎఫ్ మాత్రం పెట్టకండి, ఆఫీసు గోడకు అంటించండి.