చేటంత చేయి, బెత్తెడు పిడి

మా వంశంలో ఆస్తులు పెద్దగా లేవు, చేతులున్నాయి. తాతయ్య నుంచి నాన్నకీ, నాన్న నుంచి నాకూ రిజిస్ట్రేషన్ ఖర్చు లేకుండా, అన్నదమ్ముల తగాదా లేకుండా సంక్రమించిన పిత్రార్జితం అదొక్కటే. తాతయ్యకి ఆ చేతులతో పనుండేది. నాగలి పట్టాడు, బావిలో నీళ్లు తోడాడు. నాన్న బడిపంతులు కాబట్టి వాటిని ఎక్కువగా మా వీపుల మీద వాడారు. నా దాకా వచ్చేసరికి వాటికి బొత్తిగా ఉద్యోగం లేకుండా పోయింది. ఫోన్‌లో ఒక అక్షరం నొక్కితే పక్కింటి అక్షరాలు రెండు పిలవకుండానే వచ్చేస్తాయి.

గుళ్లో పూజారిగారు ఉద్ధరిణెడు తీర్థం పోస్తే అది నా అరచేతి గీతల్లోనే ఇంకిపోతుంది, నోటిదాకా రాదు. ప్రసాదం దగ్గర లాభమే కానీ, పులిహోర వడ్డించే ఆయన నా దోసిలి చూసి ఒకసారి గిన్నెలోకీ, ఒకసారి నా వెనకున్న వరసకేసీ చూస్తాడు. ఇరానీ హోటల్లో కప్పు చెవిలో నా వేలు దూరదు. కప్పుని మెడ పట్టుకునే తాగాలి. పెళ్లిలో బిందెలోంచి ఉంగరం తీసే వేడుకలోనైతే నా చెయ్యి బిందె మూతి దగ్గరే ఆగిపోయింది. మా ఆవిడ తీరిగ్గా మూడుసార్లూ ఉంగరం తీసుకుంది. ఇంటి పాలన ఎవరిదో పురోహితుడి సమక్షంలోనే తేలిపోయింది.

ఇలాంటి చేతులున్నవాడు యాభై దాటాక పిస్తోలు పట్టాడంటే అది సాహసం కాదు, ఆటల కొరత. ఆ వయసులో కొత్తగా మొదలుపెట్టదగ్గ ఆటలు ఎన్ని ఉన్నాయి గనక? పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పరుగు లేదు, గెంతు లేదు, అవతలివాడు మనల్ని తాకడు. నిలబడాలి, ఊపిరి అదుపులో పెట్టుకోవాలి, 75 నిమిషాల్లో 60 గుళ్లు కాల్చాలి. గుండు 4.5 మిల్లీమీటర్లది. ఈ సంగతులన్నీ చెబితే మా ఆవిడ, "ఏవండీ, వంటింట్లో బొద్దింకని చెప్పుతో గురి చూసి కొట్టలేరు కదా మీరు" అంది. బొద్దింక కదులుతుంది, టార్గెట్ కదలదు అని సమాధానం చెప్పాను. ఆ సమాధానంలో లోపమేమీ లేదు. టార్గెట్ నిజంగానే కదలదు. కదిలేది మనం.

ఎంత కదులుతామన్నదే ఈ ఆటంతా. పదికి పది పాయింట్లిచ్చే నడిమి వలయం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. పిస్తోలు మీద ముందున్న గుర్తుకీ వెనకున్న గాడికీ మధ్య దూరం జానెడున్నర కూడా ఉండదు. ముందు గుర్తు ఒక్క మిల్లీమీటరు పక్కకి ఒరిగితే పది మీటర్ల అవతల గుండు మూడు సెంటీమీటర్ల పక్కన తగులుతుంది. పది రావలసిన చోట ఏడొస్తుంది. కాబట్టి ఈ ఆటలో కన్నుకంటే చెయ్యి ముఖ్యం, చెయ్యికంటే పిడి ముఖ్యం అంటారు. షూటర్లు దాన్ని గ్రిప్పు అంటారు. ఇద్దరు షూటర్లు కలిస్తే పిల్లల చదువుల కంటే ముందు గ్రిప్పుల గురించే మాట్లాడుకుంటారు.

రేంజిలో అద్దెకిచ్చే పిస్తోలుకి మీడియం సైజు పిడి ఉంది. నేను పట్టుకుంటే అది నా పిడికిట్లో కనబడకుండా పోయింది. చూసేవాళ్లకి నేను ఉత్తి గొట్టాన్ని పట్టుకున్నానేమో అనిపించి ఉండాలి. మా కోచ్ కుర్రాడు, మా అబ్బాయి వయసువాడు, నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "అంకుల్, మీ చెయ్యి పిస్టల్‌ని పట్టుకోవట్లేదు, దాచేస్తోంది" అన్నాడు.

తర్వాత వాడు చెప్పిన పాఠం ఇది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పిడి వెనకభాగంలో వీలైనంత పైకి అంటుకోవాలి. గొట్టం మన ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. చూపుడువేలు చెక్కకి తగలకుండా విడిగా వెళ్లి, మొదటి కణుపు మెత్తటి భాగంతో ట్రిగ్గర్‌ని తిన్నగా వెనక్కి నొక్కాలి. నా వేలు ట్రిగ్గర్ దాటి, ఊరి పొలిమేర దాటి, కణుపు మడతతో దాన్ని కొక్కెం వేసి లాగుతోంది. అలా లాగితే కుడిచేతివాడి గుండు కుడివైపుకి పోతుంది. నావి కుడివైపుకే పోతున్నాయి, చాలా క్రమశిక్షణతో. చిటికెన వేలికైతే చోటే దొరక్క పిడి కింద గాల్లో వేలాడుతోంది.

పోటీ పిస్తోళ్లలో ట్రిగ్గర్‌ని ముందుకి జరుపుకోవచ్చు. అరచేయి కిందుండే పలకని మర వదులు చేసి కిందికి దించుకోవచ్చు. మా కోచ్ రెండూ చేశాడు. రెండూ వాటి హద్దుల దగ్గర ఆగిపోయాయి, నా చెయ్యి ఆగలేదు. ఇక కొత్త పిడే శరణ్యం. జర్మనీలో రింక్ అనే పేరున్న గ్రిప్పుల సంస్థ ఉంది. చేతిని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి, కొలతలు రాసి పంపితే అందుకు తగ్గట్టు వాల్‌నట్ చెక్కతో పిడి చేసి పంపుతారు. నేనూ గీశాను. వేళ్లు విప్పితే ఏ-ఫోర్ కాగితం దాటి డైనింగ్ టేబుల్ మీదికి గీత పోయింది. మా ఆవిడ ఆ కాగితం చూసి, "జర్మనీవాళ్లు దీన్ని చూసి రెండు చేతులు కలిపి గీశారనుకుంటారు" అంది. ఆపైన ధర రూపాయల్లోకి మార్చి చూసింది. మార్చాక ఇంకేమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే ఆ విషయం ముగిసినట్టే.

ఇంత హడావిడీ నా ఒక్కడి కోసం మొదలైంది కాదు, ఆ మాట చెప్పుకోవాలి. మన పోలీసులు తరాలపాటు మోసిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కి కర్ర మడమలు పొట్టి, మామూలు, పొడుగు అంటూ అర అంగుళం తేడాలతో వచ్చేవి. మొదటి ప్రపంచయుద్ధంలో అయిదడుగుల మూడంగుళాల కంటే పొట్టివాళ్లతో బ్రిటిష్ వాళ్లు బాంటమ్ పటాలాలు కట్టారు. బాంటమ్ అని మరీ పొట్టి మడమ కూడా ఒకటుండేది. సిపాయి బూట్లు సరిపోకపోయినా ఫర్వాలేదుగానీ తుపాకీ సరిపోవాలని దొరలకి తెలుసు. 1990ల చివర్లో వాల్తర్ పీ99 వచ్చాక పిస్తోలు వెనక వీపుపలకని చేతి సైజుని బట్టి మార్చుకునే సదుపాయం దొరికింది. ఇంతకీ సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత తల్వార్లు చూశారా? ఆ పిడుల్లో నా మూడు వేళ్లు పడితే గొప్ప. నేను నిజాం కాలంలో పుట్టి ఉంటే యుద్ధానికి పిలిచినా పిడి పట్టలేదని వెనక్కి పంపేవారు. పెద్ద చేతులవల్ల అదొక్కటే ఉపయోగం ఉండేది, అదీ తప్పిపోయింది.

సరే, పిస్తోలుని రేంజిలోనే ఉంచి, చెక్క పిడి మాత్రం విప్పుకుని మా వీధి చివరి వడ్రంగి మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి, వాసన చూశాడు.

"ఇదేం కట్టె సార్?"

"అక్రోటు."

"తినే అక్రోటా?" అని, జర్మనీవాళ్ల ధర విని, "గీ ముక్కకు గంత పైసలా! పిడి ఎవరన్న కొంటరా సార్? చేసుకుంటరు గని" అన్నాడు. తన బాడిస చూపించాడు. దాని పిడి తన చేతికి తానే చెక్కుకున్నది, వాళ్ల నాయన చేతికి చెక్కింది వేరేగా గోడకి వేలాడుతోంది. గొడ్డలి కామ అయినా, బాడిస పిడి అయినా, కొడవలి పిడి అయినా పనిచేసేవాడి చెయ్యి చూసే పెడతారట. ఆయన మాట విన్నాక జర్మనీవాళ్ల మీద గౌరవం తగ్గలేదుగానీ, వాళ్ల ధర మీద తగ్గింది.

పని మొదలైంది. ఆకురాయితో వేళ్ల గాళ్లు లోతు చేశాడు. వెనకభాగం మందం పెంచడానికి కుళాయి లీకులకి వాడే ఎంసీల్ తెప్పించాడు. రెండు రంగుల ముద్దలు ఒకటయ్యేదాకా పిసికి చెక్కకి అద్ది, నా అరచేతికి నూనె రాసి, "ఇగ మీరు ఆటల ఎట్ల పడ్తరో అట్ల పట్టుండ్రి. కదలొద్దు" అన్నాడు. ఆటలో చెయ్యి భుజం ఎత్తున చాచి పట్టాలి కదా. దుకాణం ముందు రోడ్డు వైపు చెయ్యి చాచి నిలబడ్డాను. ఒక ఆటో ఆగింది. ఎక్కడికన్నాడు. ఎక్కడికీ కాదన్నాను. మరి చెయ్యెందుకు ఎత్తావని దబాయించాడు. వాడు కదిలేలోపు ఇంకో ఆటో వచ్చింది. అదే సమయానికి నా ఫోన్ మోగితే మేస్త్రే ఎత్తి, "సార్ చెయ్యి ఎంసీల్‌ల ఉన్నదమ్మా" అన్నాడు. అవతల మా ఆవిడ ఏం ఊహించుకుందో, ఇంటికి వెళ్లేసరికి కొబ్బరినూనె, కిరసనాయిలు, గరిట వరసగా పెట్టుకుని సిద్ధంగా ఉంది.

ముద్ద ఆరాక రెండో ఘట్టం. ఎక్కడ ఎత్తుగా ఉందో తెలియాలంటే అరచేతికి రంగు పూసుకుని పిడిని పట్టి వదలాలి. రంగు ఎక్కువ అంటుకున్న చోట ఆకురాయి వెయ్యాలి. విదేశాల్లో లిప్‌స్టిక్ వాడతారని కోచ్ చెప్పాడు. మా ఇంట్లో కుంకుమ వాడాం. పూయడం, పట్టడం, చూడడం, రుద్దడం. ఎర్రటి అరచేయితో నేనూ, చేతిలో ఆకురాయితో మేస్త్రీ సాయంత్రందాకా కూర్చున్నాం. పాలు తెచ్చిన కుర్రాడు గుమ్మంలోంచే ప్యాకెట్లు విసిరేసి పోయాడు.

పూర్తయ్యేముందు నిబంధనల పుస్తకం చదివి వినిపించాను. పలక పిడికి లంబకోణం కంటే తక్కువలో వంగకూడదు. మణికట్టు ఆనుకోకూడదు. బొటనవేలు పైకి స్వేచ్ఛగా లేవాలి. అన్నింటికీ మేస్త్రి తలాడించాడు. చివరిది వినగానే ఆకురాయి కింద పెట్టాడు. పిస్తోలు మొత్తం 420 మిల్లీమీటర్ల పొడుగు, 200 ఎత్తు, 50 వెడల్పు ఉన్న పెట్టెలో పట్టాలి. నా చేతికి కావలసిన మందమంతా పెట్టుకుంటూ పోతే వెడల్పు 50 దాటుతుంది.

"చెయ్యి పెద్దది, పెట్టె చిన్నది. ఎవలు పెట్టిండ్రు సార్ గీ రూలు?"

"మ్యూనిక్‌లో ఉంటారు, ప్రపంచ షూటింగ్ సమాఖ్యవాళ్లు."

"అక్కడోల్ల చేతులు చిన్నగుంటయా?"

నాకు తెలిసిన జర్మన్లు ఎవరూ లేరు కాబట్టి మాట్లాడలేదు. మేస్త్రి స్కేలు పెట్టి బొటనవేలి వైపు పల్చబరిచి, ఆ మందాన్ని వెనక్కి తీసుకొచ్చాడు. పెద్ద చేతికి కావలసింది పక్కల వెడల్పు కాదు, వెనక లోతు అని ఆయనే కనిపెట్టాడు. చూపుడువేలు వెనక్కి జరిగి, కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద బుద్ధిగా కూర్చుంది. చిటికెన వేలికి జీవితంలో మొదటిసారి సొంత గది దొరికింది. క్లబ్బు పోటీకి ముందు తనిఖీలో ట్రిగ్గర్‌కి 500 గ్రాముల బరువు వేలాడదీసి చూశారు. పెట్టెలో పెడితే పిస్తోలు కాస్త గీసుకుంటూ లోపలికి పోయింది. తనిఖీ చేసేవాడు నా చెయ్యి చూసి, "ఇది పెట్టక్కర్లేదు సార్" అని భరోసా ఇచ్చాడు.

కుడిచేయి సమస్య తీరింది. ఎడమచేయి మిగిలింది. ఈ ఆటలో పిస్తోలు ఒంటిచేత్తోనే పట్టాలి. రెండోది ఊగకుండా జేబులో పెట్టుకుంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ దికేచ్ జేబులో చెయ్యి పెట్టుకుని వెండి పతకం కొడితే లోకమంతా ఆ ఫొటో చూసింది. హంగరీ సైనికుడు కారోలీ తకాచ్‌కి 1938లో గ్రెనేడ్ పేలి కుడిచేయి దెబ్బతింటే, ఎడమచేత్తో సాధన చేసి 1948లోనూ 1952లోనూ ఒలింపిక్ బంగారాలు తెచ్చాడు. నా ఎడమచేతిని ఎవరూ బంగారం అడగలేదు. జేబులో దూరమన్నారు, అంతే. అది మణికట్టు దాకా కాదు కదా, బొటనవేలి మొదలు దాకా కూడా దూరలేదు.

టైలర్ దగ్గరికి వెళ్లి ప్యాంటు ఎడమ జేబు పెద్దది పెట్టమన్నాను. ఎంత పెద్దదన్నాడు. చెయ్యి పట్టేంత అన్నాను. టేపు నా చేతి చుట్టూ తిప్పి, రాసుకుని, మళ్లీ తిప్పి చూసి, "జేబుకి వేరే మీటరు గుడ్డ తెచ్చుకోండి సార్" అన్నాడు. తెచ్చాను. కుట్టాడు. పోటీలో ఎడమచేయి అందులో హాయిగా పడుకుంది. నా స్కోరు ఎంతని మా ఆవిడ అడగలేదు. ఆ జేబులో ఏం పడుతుందో మాత్రం ఆదివారం రైతుబజార్లో పరీక్షించింది. కిలోన్నర టమాటాలు, పైన కొత్తిమీర కట్ట.