చక్రసూత్రం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక. తిరుపతి, చిత్తూరు జిల్లాలలో పెద్దబండి కొన్నవారు వెనుక అద్దంపై అంటించిన ఇలవేల్పు పేరును, వేలంలో పాడి తెచ్చుకున్న ఫ్యాన్సీ నంబరును పదిమందికీ చూపి మురుస్తారు గాని, అదే బండికి నాలుగు మూలలా, నేలకు జానెడు ఎత్తున, టైరు పక్కగోడపై అచ్చుపడి ఉన్న సూత్రాన్ని చదివినవారు అరుదు. దానిని నిత్యం చదివేవాడు పంచర్ షాపు మేస్త్రీ ఒక్కడే. అతనికి వ్యాఖ్య రాసే తీరిక లేదు. ఈ టీక ఆ లోటు పూరించడానికి పుట్టింది.

మూలం. 265/65 ఆర్ 17 112 ఎస్

ప్రతిపదార్థం. 265 = మిల్లీమీటర్లలో టైరు వెడల్పు; 65 = ఆ వెడల్పులో నూటికి అరవై అయిదు పాళ్ళు, అనగా సుమారు 172 మిల్లీమీటర్లు గల పక్కగోడ ఎత్తు; ఆర్ = రేడియల్, అనగా లోపలి పోగులు ఒక అంచు నుండి మరో అంచుకు అడ్డంగా సాగినది; 17 = అంగుళాలలో రిమ్ము వ్యాసం; 112 = తగినంత గాలి ఉన్నప్పుడు ఒక్కొక్క టైరు మోయగల 1120 కిలోల బరువుకు సంకేతం; ఎస్ = గంటకు 180 కిలోమీటర్ల వేగపరిమితి. వెడల్పును మిల్లీమీటర్లలో, వ్యాసాన్ని అంగుళాలలో, ఎత్తును శాతంలో, వేగాన్ని అక్షరంలో చెప్పిన ఈ సూత్రకర్త మణిప్రవాళ ప్రియుడని ఊహించవచ్చు.

పాఠాంతరం. ఫార్చ్యూనర్ బండ్లలో 17 అంగుళాల చక్రం గలవాటికి పై పాఠమూ, 18 అంగుళాల చక్రం గలవాటికి 265/60 ఆర్ 18 అను పాఠమూ కనబడతాయి. లెక్క వేస్తే మొదటి టైరు మొత్తం వ్యాసం సుమారు 776 మిల్లీమీటర్లు, రెండవదానిది 775. రిమ్ము పెరిగిన మేరకు పక్కగోడ తగ్గింది గనుక ఇక్కడ గణభంగం లేదు. అయితే షోరూము నుండి బండి ఇంటికి రాగానే ఇరవై అంగుళాల అలాయ్ చక్రాలు, వాటిపై చిత్తం వచ్చిన కొలతల టైర్లు బిగించేవారి పాఠం శుద్ధ ప్రక్షిప్తం. మొత్తం వ్యాసం మారితే స్పీడోమీటరు అబద్ధమాడుతుంది, స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డు లోపల రాసుకుంటుంది, పక్కగోడ పలచబడితే ఒక్క గుంతకే రిమ్ము సొట్టపడుతుంది.

లక్షణ విచారం. ఇంతకూ పెద్దబండి అనగా నేమి? ఈ శంకకు తార్కికులకంటె గట్టి సమాధానం జీఎస్టీ మండలి చెప్పింది: నాలుగు మీటర్లు మించిన పొడవు, 1500 సీసీ మించిన ఇంజను, నేలకూ బండి అడుగుకూ నడుమ కనీసం 170 మిల్లీమీటర్ల ఎత్తు. కొందరు తమ బండి ఎస్‌యూవీ కాదనీ, పేరు వేరనీ వాదించగా, 2023 జూలైలో మండలి ‘ఏ పేరుతో పిలిచినా’ అని చేర్చి అవ్యాప్తి దోషాన్ని తొలగించింది. మనుషులు ఎక్కి కూర్చుంటే బండి అణిగి ఎత్తు తగ్గుతుందన్న యుక్తిని కూడా, ఖాళీ బండినే కొలవాలని చెప్పి ఖండించింది. న్యాయశాస్త్రంలో ఇంత చక్కని పూర్వపక్ష ఖండనం అరుదు. 2025 సెప్టెంబరు 22 నుండి ఇట్టి బండ్లపై పన్ను నూటికి నలభై.

విశేషం. ఎస్ అను అక్షరానికి చెప్పిన 180 అను అర్థం తిరుమల ఘాట్‌లో బాధితమవుతుంది. కొండ ఎక్కడానికి 28 నిమిషాలకు, దిగడానికి 40 నిమిషాలకు తక్కువ పట్టరాదని అక్కడి నియమం. 1944లో తెరిచిన మొదటి ఘాట్ ఇప్పుడు దిగుడుదారి. సుమారు 19 కిలోమీటర్ల ఆ దారిలో నియమం పాటిస్తే సగటు వేగం గంటకు ముప్పై దాటదు. తొందరపడి దిగినవారు అలిపిరికి కాస్త ఎగువన బండి ఆపి, మిగిలిన నిమిషాలను చెట్టు నీడన ఖర్చు చేయడం కద్దు. అప్పుడు ముందు చక్రం దగ్గర వంగితే మాడిన వాసన వస్తుంది. గేరు తగ్గించి ఇంజను చేత బండిని పట్టించవలసిన పనిని, రెండు టన్నులు మించిన బరువుతో సహా, బ్రేకులకే అప్పగించిన ఫలం అది. దిగుడులో బరువు ముందుకూ, మలుపులో బయటివైపుకూ ఒరుగుతుంది గనుక, 112 సూచించే 1120 కిలోలను నాలుగుతో హెచ్చించి ధైర్యం తెచ్చుకోరాదు.

పక్కగోడపై కనబడే గరిష్ఠ గాలి అంకెనే పట్టించవలసిన గాలిగా తీసుకోవడం అపవ్యాఖ్య. సరైన అంకె డ్రైవరు తలుపు తెరిస్తే కనబడే చీటీలో ఉంటుంది. ఎక్కువైతే టైరు నడుమ, తక్కువైతే అంచులు అరుగుతాయి. ఒకే వైపు అరిగితే దోషం గాలిది కాదు, అలైన్‌మెంటుది. బటన్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే టైరుకు ఆయువు తీరినట్లే. తిరుమలలో గుండు మొక్కు తీర్చుకోవలసినది భక్తుడు, టైరు కాదు.

ఆశ్వాసాంత గద్య. కావ్యం చివర కవి తన వంశాన్ని చెప్పుకొన్నట్లు, టైరు తన పుట్టుకను నాలుగంకెలలో చెప్పుకొంటుంది: 2324 అని ఉంటే 2024లో 23వ వారం. ఈ మూలానికి అచ్చుకూటం కూడా దూరం కాదు. తిరుపతి జిల్లా చినపాండూరులోని అపోలో కర్మాగారం నుండి తొలి టైరు 2020లో వెలువడింది. టైరుపై అక్షరాలు నిజంగా అచ్చులోనే పడతాయి గనుక ఇక్కడ శ్లేష వ్యాఖ్యాత కల్పించినది కాదు.

ఈ గద్య ప్రయోజనం సెకండ్‌హ్యాండు బేరంలో తెలుస్తుంది. “సింగిల్ ఓనర్ బండి అన్నా, పాతికవేలే తిరిగింది, కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తా” అని అమ్మేవాడు అంటాడు. వరసిద్ధి వినాయకుని ఎదుట అబద్ధపు ప్రమాణం చేయడానికి ఈ జిల్లాలలో ఎవరైనా జంకుతారు గనుక, కొనేవాడు మెత్తబడతాడు. కాణిపాకం దాకా పోయేవారు మాత్రం ఉండరు. బండి 2020 నాటిదై, నాలుగు టైర్లూ 2023లో పుట్టినవైతే, నలభైవేల కిలోమీటర్లైనా నడవవలసిన టైర్లను పాతికవేలకే ఎందుకు మార్చారన్న ప్రశ్నకు మీటరు జవాబు చెప్పదు.

నాలుగూ మార్చినవారు సైతం అయిదవదానిని మరచిపోతారు. దానికి స్టెప్నీ అని పేరు. 1904లో వేల్స్ దేశపు లనెల్లి పట్టణంలో అదనపు చక్రం తయారుచేసిన దుకాణం స్టెప్నీ వీధిలో ఉండటం చేత ఆ వీధిపేరే తెలుగుదాకా వచ్చింది. ఎవరూ దిద్దని తాళపత్ర ప్రతి ఇదే. ఫార్చ్యూనర్‌లో ఇది వెనుకభాగాన బండి అడుగున వేలాడుతుంది గనుక, ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో బేరానికి వచ్చిన పెద్దమనిషి దీనిని చదవాలంటే నేలమీద వెల్లకిలా పడుకొని, సెల్‌ఫోను దీపం వేసి, బురద తుడిచి చూడవలసి ఉంటుంది.