నా కళ్ళ మీద ఒక ఫిర్యాదు

పుట్టినప్పటి నుంచీ అద్దె కట్టకుండా నా ముఖంలో కాపురముంటున్న రెండు కళ్ళ మీద ఈ ఫిర్యాదు. కళ్ళజోడు, చుక్కల మందు, శుక్లాల ఆపరేషన్, అన్ని ఖర్చులూ నావే. ఇంతా చేసి ఫ్రిజ్‌లో పెరుగెక్కడుందో చూపించమంటే చూపించవు. మా ఆవిడ వచ్చి, నా ముక్కు ముందు నుంచే పెరుగు తీసి, ఏమీ అనకుండా వెళ్ళిపోతుంది. నాలుగు మాటలంటే ఎంత హాయిగా ఉండేది!

విచారిస్తే ఇది నా ఒక్కడి గోడు కాదని తేలింది. 1999లో అమెరికాలో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ అనే సైకాలజీ పండితులు ఓ వీడియో చూపించి, తెల్ల చొక్కాలవాళ్ళు బంతిని ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వచ్చి, రొమ్ము బాదుకుని మరీ వెళ్ళింది. దాదాపు సగం మందికి అది కనబడనే లేదు! 2013లో వేరే పరిశోధకులది ఇంకో ఘోరం. ఊపిరితిత్తుల స్కాన్‌లో గడ్డలు వెతుకుతున్న 24 మంది రేడియాలజిస్టులకు, మామూలు గడ్డకు 48 రెట్లుండే గొరిల్లా బొమ్మను అదే స్కాన్‌లో పెట్టిచ్చారు. 20 మంది దాన్ని పసిగట్టలేదు. వాళ్ళలో చాలామంది చూపు సరిగ్గా బొమ్మ మీదే పడిందని కంటి కదలికలు నమోదు చేసే యంత్రం సాక్ష్యం చెప్పింది. అంటే కన్ను చూసింది, మనిషి చూడలేదు. ఈ లెక్కన ముద్దాయి కళ్ళు కాదు, పైన కూర్చున్న మెదడు. చాచిన చేతి బొటనవేలి గోరంత మేరే కంటికి స్పష్టంగా ఆనుతుంది. మిగతాదంతా చూసేసినట్టు లెక్క రాసేది మెదడే. పైగా మొండిది. 1889 నాటి ముల్లర్-లయర్ దృష్టి భ్రమలోని గీతలు రెండూ సమానమని స్కేలు పెట్టి కొలిచి చూపినా, ఒకటి పొడవే అంటుంది.

ఈ సాక్ష్యాలన్నీ మా ఆవిడ ముందుంచాను. ఓపిగ్గా విని, "వాళ్ళెవరూ గొరిల్లా కోసం వెతకలేదు కదండీ. మీరు పెరుగు కోసమే వెతికారు" అంది.

నిజమే. కానీ నేను వెతికింది స్టీలు గిన్నె. మనసులో ఏ రూపం పెట్టుకుంటే శ్రద్ధ దాని వెంటే పోతుంది. పెరుగేమో నిన్నటి నుంచి ఐస్‌క్రీమ్ డబ్బాలో ఉంది. దాని మూత మీద మామిడిపండు బొమ్మ. ఈ మార్పు గురించి నాకు నోటీసు ఇచ్చినవారు లేరు.

కాబట్టి ఫిర్యాదులో మరో ముద్దాయిని చేర్చాను. పేరు రాయాల్సిన చోట మాత్రం, ఇంట్లో ఉండాల్సినవాణ్ణి గనుక, గీత గీసి వదిలాను.